ఏడుపు కాని నీళ్లు

ఆదోని
30 జూన్ 2024

తమ్ముడు దావీదుకు, మరదలు ప్రేమలతకు అక్క రూత్ దీవెనలు.

ఈడ నేనూ, నీ కూతురు రూపా వేళకు తింటాండాము, వేళకు పండుకుంటాండాము. తక్కినదంతా దేవుడు సూసుకుంటాండాడు.

ఫోను సెయ్యలేదని అనుకోవద్దు. పత్తి జిన్నింగు మిల్లు మోతకు నా సెవులు పోయినాయని నీకు తెల్సు గదా. ఫోన్లో నువ్వు ఒకటంటే నాకు ఇంకోటి ఇనపడతాది. పక్కింటోళ్లతో మాట్లాడిస్తే మన ఇంటి సంగతి వీధంతా తెలుస్తాది. అందుకే రాసి, ఎమ్మిగనూరికి రోజూ ఆటో తోలే ఉరుకుందు సేతికిస్తాండాను.

రూప బడి మొదలైంది. మీరు సెప్పినట్లే పొద్దున లేస్తానే వేన్నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, మోకాండ్ల మీదా మణికట్ల మీదా ఏస్తాండాను. లేసినప్పుడు కాళ్లు కొయ్యల మాదిరి బిగుసుకొని ఉంటాయి. కాసేపటికి సాగుతాయి. నడవలేకుంటే ఎత్తుకుంటానంటే వద్దంటాది. గోడ పట్టుకొని తానే వాకిలి దాకా పోతాది. మీరిద్దరూ తెల్లారకముందే పనికి పోవల్ల, పిల్లకు సరిగ్గా ఆ వేళకే కీళ్లు పట్టుకుంటాయి, కాబట్టి నా దగ్గర పెట్టడమే మంచిదయింది.

కానీ ఒక మాట అడగల్ల. పిల్లను ఏమని సెప్పి ఈడ దింపిపోయినావు? ఊరికూరికే ఏడుస్తాండాది. సప్పుడు సెయ్యదు, ఎక్కిళ్లు లేవు, నీళ్లు మాత్రం బుగ్గల మీదికి జారతాంటాయి. గవును అంచుతో తుడుసుకుంటాది. ఏమే అంటే "ఏం లేదత్తా" అంటాది. ఆదివారం వస్తానని సెప్పి రెండు ఆదివారాలు రాలేదు నువ్వు. ఎనిమిదేండ్ల పిల్లకు మాటిస్తే నిలబడల్ల. ఆదివారం గుడి కాడ రోడ్డుకేసి సూస్తానే ఉండింది.

ఈ వారమైనా రా.

మీ అక్క,
రూత్

*

ఎమ్మిగనూరు
7 జూలై 2024

అక్కకు దావీదు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది.

నేను ఊరికే రాకుండా లేనక్కా. టమాటా లోడ్లు పత్తికొండ మార్కెట్టుకు ఆదివారం కూడా పోతాండాయి. బండి నాది కాదు, తోలమన్నప్పుడు తోలల్ల. ప్రేమలత సెనక్కాయ విత్తనానికి పోతాండాది.

నీకొక సంగతి సెప్తా. రూప మా దగ్గర ఎప్పుడూ ఏడవలేదు. పోయినేడు మోకాలు గుమ్మడికాయ మాదిరి వాస్తే, కర్నూల్లో సూది గుచ్చి నీరు తీసినారు. అప్పుడు నేను మొగం పక్కకు తిప్పుకున్నా గానీ అది ఏడవలేదు. "పిల్లల్లో వచ్చే కీళ్లవాతం, ఏండ్ల తరబడి మందు వాడల్ల" అని డాక్టరు సెప్తాంటే కూడా పెద్దమనిషి మాదిరి ఇన్నాది. అట్లాంటి పిల్ల నీ ఇంట్లో దినామూ ఏడుస్తాందంటే ఏమనుకోవల్ల?

నువ్వు బాగానే సూసుకుంటావని నాకు తెల్సు. కానీ నీ మాట కొంచెం గట్టిగా ఉంటాది. నీకు ఇనపడదు కాబట్టి నువ్వెంత గట్టిగా మాట్లాడేదీ నీకు తెలీదు. ప్రేమలత ఏమంటాదంటే, పిల్లలను పెంచినోళ్లకే పిల్లల మనసు తెలుస్తాదని. తప్పుగా అనుకోవద్దు, తల్లి గదా, దిగులు.

పని తగ్గినాక వచ్చి పిల్లను తోలుకొచ్చుకుంటా. అందాకా కసరొద్దు.

నీ తమ్ముడు,
దావీదు

*

ఆదోని
15 జూలై 2024

దావీదుకు రూత్ రాసేది.

ఈ తూరి కుశలాలు అడగను. నీ ఉత్తరం రెండు మార్లు సదివి మడిసి పెట్టినా. పిల్లలను పెంచినోళ్లకే తెలుస్తాదన్న మాటను ఆడనే వదిలేస్తాండాను.

కానీ పిల్లను నేను ఏడిపిస్తాండానని నువ్వు రాసినందుకు ఒక మేలు జరిగింది. ఆ పొద్దు నుంచి దాన్ని కండ్లార్పకుండా సూస్తాండాను. ఎప్పుడు నీళ్లు కారతాయి, ఏం సేస్తాంటే కారతాయి అని.

పుస్తకం పట్టుకుంటే కారతాయి. ఫ్యాను కింద కూసుంటే కారతాయి. గాలికి ఎదురు నడిస్తే కారతాయి. మొన్న శుక్రవారం పక్కింటి సునీత కొడుకు మేకపిల్ల మాదిరి అరిసి సూపిస్తాంటే రూప కడుపు పట్టుకొని నవ్వింది. అప్పుడు కూడా నీళ్లు దారగా కారినాయి. నవ్వే పిల్ల ఏడుస్తాందంటే నేనెట్ల నమ్మేది? ఇది ఏడుపు కాదు దావీదూ. నువ్వూ నేనూ ఇన్నాళ్లు లేని ఏడుపు గురించి కొట్లాడుకుంటాండాము.

ఆ పొద్దే బడికి పోయినా. దీపశ్రీ టీచరమ్మ సెప్పింది: "బోర్డు చూడమంటే కళ్లు టపటపా ఆర్పుతుంది. సగం రాసి ఆపేస్తుంది. చదువు ఎగ్గొట్టే పిల్ల అనుకున్నానమ్మా."

ఇంటికొచ్చి పిల్లను ఎదురుగా కూసోబెట్టుకొని అడిగినా. నా తట్టు తిరిగి, పెదవులు బాగా కదిలేటట్టు సెప్పింది. "కండ్లల్లో ఉసిక పోసినట్టు ఉంటాదత్తా. పొద్దున రెప్పలు అంటుకుంటాయి."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎమ్మిగనూర్లో ఉన్నప్పటి నుంచి."

"మీ నాయనకు ఎందుకు సెప్పలేదు?"

"కాళ్లు నొప్పంటేనే నాయన పని ఇడిసి కర్నూలుకు వస్తాండాడు. కండ్లు కూడా అంటే మళ్ళీ రావల్ల గదా."

నీ మీద కోపం ఆడికి పోయింది. నా మీద నాకు ఉన్న కోపం మాత్రం పోలేదు. ఈ నెల దాటకుండా దాన్ని కర్నూలులో కండ్ల డాక్టరుకు సూపిస్తాను. నువ్వు వస్తే సరే, రాకున్నా పోతా.

రూత్

*

ఎమ్మిగనూరు
24 జూలై 2024

అక్కకు,

నీ ఉత్తరం సదివి ప్రేమలత, "వదినను ఆ మాట అనకుండా ఉండాల్సింది" అనింది. నేను రాయకుండా ఉండాల్సింది.

పిల్ల అట్ల అనిందా? నాకు తెలీదక్కా.

అయితే నాకు అనిపించేది సెప్తా. ఇదంతా కీళ్లకని వారానికొక తూరి మింగే ఆ మాత్రల వల్లనే. అంత ఘాటు మందు ఏండ్ల తరబడి ఏస్తే కండ్లు పోతాయని ప్రేమలత వాళ్ల మామ లక్ష్మన్న గట్టిగా సెప్తాండాడు. ఈ ఆదివారం మాత్ర ఇయ్యొద్దు. రెండు వారాలు ఆపి సూద్దాం. డాక్టరు దగ్గరికి తొందరపడి పోవద్దు, నేను వచ్చినాక ఇద్దరం పోదాం.

నేను వచ్చేదాకా ఆగు.

దావీదు

*

ఆదోని
2 ఆగస్టు 2024

తమ్ముడు దావీదుకు, ప్రేమలతకు రూత్, రూప రాసేది.

ఆగలేదు. ఆదివారం మాత్ర కూడా ఇచ్చినా. ఇచ్చిన డాక్టరును అడగకుండా ఆపే ధైర్యం నాకు లేదు.

మొన్న తెల్లారుజాము బస్సెక్కినాము. బస్సు మీ ఎమ్మిగనూరు స్టాండులో ఆగింది. రూప కిటికీలో నుంచి మీ సందు తట్టు సూసింది. నేను దిగలేదు. దిగితే నువ్వు ఆపుతావని. ఇది నీకు కష్టంగా ఉంటాదని తెలిసే రాస్తాండాను.

ఆసుపత్రిలో మొదట గడ్డం ఒక మిషను మీద ఆనించి, సన్నని వెలుతురుతో కన్ను లోపలంతా సూసినారు. తర్వాత మంట తెలీకుండా ఒక చుక్క ఏసి, సన్న కాగితం ముక్క కింది రెప్పకు తగిలించి కండ్లు మూసుకోమన్నారు. రూప కదలకుండా కూసుంది. తీసినాక డాక్టరమ్మ కాగితాన్ని నాకు సూపించింది. అంచు మాత్రం తడిసింది, అంతే.

డాక్టరమ్మ మూతికి గుడ్డ కట్టుకొని ఉండాది. పెదవులు కనపడక నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు రూప కుర్చీని నా తట్టు తిప్పుకొని, ఆయమ్మ ఒక్కో మాట సెప్తాంటే నాకు సెప్పింది. దాని జబ్బు సంగతి అదే నాకు సెప్పింది, దావీదూ. కొంచెం సేపటికి ఆయమ్మే గుడ్డ తీసేసి నా మొగం సూసి మాట్లాడింది.

"ఈ కళ్లలో తడి చాలా తక్కువగా ఉందమ్మా. కన్ను ఎండిపోతోంది."

"దినమంతా నీళ్లు కారతాంటే ఎండిపోయేదేంది మేడమ్?"

"అవి మంటకు కారే నీళ్లు. కంటి మీద ఎప్పుడూ పల్చగా ఒక తడి పొర ఉండాలి. పాపకు అది నిలవడం లేదు. పొర ఆరగానే కన్ను మండుతుంది, మండగానే నీళ్లు పొంగి బయటికి పోతాయి. కారిపోయే నీళ్లు కంటిని కాపాడవు."

కీళ్లవాతం ఉండే పిల్లల్లో ఇది ఎక్కువగా కనిపిస్తాదంట. పిల్లలు సెప్పరు, పెద్దోళ్లు కనిపెట్టరు. మాత్రల సంగతి కూడా అడిగినా. "మాత్ర ఆపొద్దు. ఈ జబ్బులో కన్ను లోపల కూడా వాపు రావచ్చు. అది వేరే సంగతి, ఇంకా ప్రమాదం. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు తగ్గేదాకా ఎవరికీ తెలియదు. ఆ మాత్ర దానికి కూడా కాపలా. ఇప్పుడైతే లోపల బాగుంది. కానీ మూడు నెలలకొకసారి తప్పకుండా చూపించాలి" అనింది.

కండ్లు తడిగా ఉండేదానికి చుక్కల మందు ఇచ్చినారు, దాని పేరు ఈ కాగితం ఎనక రాసినా. పూటపూటకూ ఏస్తాండాను. వేడి గుడ్డ ఇప్పుడు మోకాండ్లకే గాక మూసిన రెప్పల మీద కూడా పెడతాండాను. బడిలో ఫ్యాను గాలి మొగానికి తగలని తావులో కూసోబెట్టమని దీపశ్రీ టీచరమ్మను అడిగితే, ఆ పొద్దే బల్ల మార్పించింది. "నేను పిల్లను తప్పుగా అనుకున్నాను" అని ఆయమ్మే అనింది.

మళ్ళీ నవంబరు మొదట్లో పోవల్ల.

మీ అక్క,
రూత్

*

ఎమ్మిగనూరు
11 ఆగస్టు 2024

అక్కకు దావీదు నమస్కారాలు.

నువ్వు రాయకముందే నాకు తెలిసింది. బస్సు స్టాండులో లక్ష్మన్న మామ మిమ్మల్ని సూసినాడంట. "మీ అక్క మొగం తిప్పుకొని కూసుంది, పిల్ల మాత్రం సందు తట్టు సూస్తాండాది" అని నలుగురిలో సెప్పినాడు. సొంత కూతురు మా ఊరి మీదుగా పోతాంటే నేను టీకొట్టు కాడ నిలబడి ఉండాను, అక్కా. దిగకున్నా సరే, ఒక మాట సెప్పి పంపింటే నేనే వచ్చి ఎక్కేవాణ్ణి.

మాత్రలు ఆపొద్దన్నారు కాబట్టి ఆపమనను. కానీ నీళ్లు కారే కంటికి నీళ్ల మందు ఏయమనడం నాకు ఎక్కలేదు. డాక్టర్లు ఏదో ఒకటి రాస్తారు.

దసరా సెలవులకు పిల్లను పంపు. దాని అమ్మ రోజూ అడుగుతాండాది.

దావీదు

*

ఎమ్మిగనూరు
14 అక్టోబరు 2024

అక్కకు,

ఉరుకుందు ఒట్టి ఆటోతో వచ్చినందుకు నువ్వు కంగారు పడింటావు. రూపను ఈ పొద్దు పంపలేదు. ఎందుకో రాస్తాండాను, చివరిదాకా సదువు.

నువ్వు ఇచ్చి పంపిన చుక్కల మందు సెలవుల నడుమ అయిపోయింది. రూప సెప్పింది. నేను రేపు తెస్తా, ఎల్లుండి తెస్తా అన్నా. మనసులో మాత్రం, ఇన్ని నీళ్లు కారతాంటే ఇంకా చుక్కలెందుకని. టమాటా మార్కెట్టు సూస్తానంటే ముందు సీట్లో కూసోబెట్టుకొని పత్తికొండకు తోలుకపోయినా. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ మొగాన గాలి, దుమ్ము. మార్కెట్టులో సంతోషంగానే ఉండింది. ట్రాక్టర్లు లెక్కపెట్టుకుంటా తిరిగింది.

మరుసటి పొద్దున కండ్లు తెరవలేకపోయింది. వెలుతురు పడితే మొగం దుప్పట్లో దాసుకుంటాది. అప్పుడు కూడా ఏడవలేదు. ప్రేమలత నన్ను లేపి ఒకటే మాట అనింది: "వదిన రాసిన ఉత్తరం తియ్, మందు పేరు సూడు."

ఈ ఊర్లోనే కండ్ల డాక్టరుకు సూపించినాము. పచ్చని మందు ఒక చుక్క ఏసి నీలం లైటు పెట్టి, నన్ను కూడా రమ్మని సూపించినాడు. కంటి మీద గీతలు పడినాయి, గరుకు కాగితంతో రుద్దినట్లు. "తడి లేని కంటికి ఇంత గాలి కొట్టించినారు" అన్నాడు. తిట్టింటే బాగుండేది.

మందు ఏస్తాండాము. డాక్టరు గీతలు మానుతాండాయన్నాడు. ప్రేమలత పనికి పోవడం లేదు. నేను రూపను అడిగినా, "చుక్కలు కావల్లని గట్టిగా ఎందుకు అడగలేదమ్మా" అని. "అడిగితే నువ్వు అత్త పక్షమా అంటావనుకున్నా" అనింది. మన ఉత్తరాలు అది సదువుతాదని నాకు తెలీదు.

కొన్నాళ్లు నా దగ్గరే పెట్టుకుంటా. నా సేత్తోనే ఏస్తా.

దావీదు

*

ఆదోని
17 అక్టోబరు 2024

దావీదుకు,

నీ ఉత్తరం సదివి బస్టాండు దాకా పోయి తిరిగొచ్చినా. వస్తే నిన్ను తిడతా. పిల్ల ముందర మళ్ళీ మనిద్దరి కొట్లాట అయితాది. అందుకే రాలేదు.

పిల్లను నా దగ్గర నుంచి తీసేస్తాండావేమో అనిపించింది. అట్లయినా సరే. నీ కూతురు, నీ ఇంట్లో ఉండనీ. ఆ దినం ప్రేమలత అన్న మాట నన్ను ఇంకా పొడుస్తానే ఉండాది, అది కూడా దాసుకోను. అయితే అవన్నీ మన పెద్దోళ్ల సంగతులు. రూప కండ్లకు వాటితో పని లేదు.

నేను అడిగేది ఒకటే. ఏ ఇంట్లో ఉన్నా నవంబరు మొదట్లో కర్నూలుకు పోవల్ల. గీతలు మానినాయి గదా, ఇంకెందుకని ఆగొద్దు. గీతలు పైన. ఆయమ్మ సూడమనింది లోపల. నువ్వు పోకుంటే నేను వచ్చి తోలుకపోతా. ఈ తూరి స్టాండులో దిగి, మీ ఇంటికొచ్చి, పిల్ల సెయ్యి పట్టుకొని తోలుకపోతా.

రూత్

*

ఎమ్మిగనూరు
10 నవంబరు 2024

అక్కకు దావీదు, ప్రేమలత నమస్కారాలు.

పోయినాము. నేనూ రూపా పోయినాము. బండి ఓనరు కుదరదంటే బండి తాళం ఆయన సేతిలో పెట్టి పోయినా. మళ్ళీ పిలిసినాడు, అది వేరే సంగతి.

కండ్ల మీద గీతలు పూర్తిగా మానినాయి. నేను లేసి నిలబడినా, ఇంక పోదామని. డాక్టరమ్మ "కూర్చోండి" అనింది. మళ్ళీ మిషను పెట్టి కుడి కన్ను సానాసేపు సూసింది. ఇంకొక డాక్టరును పిలిసి సూపించింది. రూప నా సెయ్యి పట్టుకోలేదు, మిషను పట్టుకొనే ఉండాది.

కుడి కన్ను లోపల వాపు మొదలైందంట, అక్కా.

నొప్పి లేదు. ఎరుపు లేదు. ఆ పొద్దు కూడా ఆసుపత్రి బోర్డు మీది అక్షరాలన్నీ సదివింది. "చూపు ఇంకా చెడలేదు. ఇప్పుడే వచ్చారు కాబట్టి చెడకుండా చూసుకోవచ్చు. ఆలస్యం చేసి ఉంటే ఇట్లా చెప్పగలిగేదాన్ని కాదు" అనింది. నువ్వు అంత గట్టిగా రాయకుంటే నేను పోకపోదును. గీతలు మానినాయి గదా అని నిజంగానే అనుకున్నా.

వాపుకు వేరే చుక్కలు ఇచ్చినారు, మెలకువగా ఉన్నంతసేపూ గంట గంటకూ ఏయల్ల. సొంతంగా ఆపకూడదు, డాక్టరే మెల్లగా తగ్గిస్తాది. కీళ్ల డాక్టరు మందు పెంచినాడు.

ఇప్పుడు ప్రేమలత సెప్పమన్నది రాస్తాండాను, తాను నా పక్కనే కూసోని ఉండాది. "వదినా, ఆ మాట నేనన్నది తప్పు. పిల్లను పెంచేది ఎట్లనో నువ్వు సూపించినావు. దాన్ని నీ దగ్గరే ఉండనీ. బడిలో గంట గంటకూ మందు ఏయించగలిగేది నువ్వే. నేను శనివారం శనివారం వస్తా, నీ దగ్గర నేర్చుకుంటా."

రేపు నేనే తోలుకొస్తా. ఉరుకుందు సేత పంపను.

నీ తమ్ముడు,
దావీదు

*

ఆదోని
16 ఫిబ్రవరి 2025

తమ్ముడు దావీదుకు, ప్రేమలతకు రూత్ ప్రేమతో రాసేది.

ప్రేమలత జ్వరంతో ఉండాది కాబట్టి నువ్వు రావొద్దని నేనే సెప్పినా. రూపా నేనూ కర్నూలు పోయొచ్చినాము. ముందు మంచి మాట సెప్తా: కుడి కన్ను లోపల వాపు తగ్గిపోయింది. ఎడమ కన్ను బాగుండాది. సూపు రెండు కండ్లకూ నిండుగా ఉండాది.

జబ్బు పోయిందని మాత్రం కాదు. అది మళ్ళీ రావచ్చు, కీళ్లల్లోకైనా కంట్లోకైనా. తడి చుక్కలు ఇంకా ఏండ్లు ఏయాల్సి రావచ్చు. ఈ చలికి పొద్దున పూట మోకాలు ఇప్పటికీ పట్టేస్తాది. అయినా రోజూ బడికి పోతాండాది. నీ దగ్గర నుంచి వచ్చిన మొదటి వారం బడిలో గంట కొట్టినప్పుడల్లా దీపశ్రీ టీచరమ్మ చుక్కలు ఏసింది. రెండో వారం నుంచి రూప తానే తల ఎత్తి, రెప్ప కిందికి లాగి ఏసుకుంటాండాది. తరగతిలో ఎవడో "ఏడుపుగొట్టు" అన్నాడంట. "ఇది ఏడుపు కాదు, నా కన్ను ఎండిపోతే వచ్చే నీళ్లు. కావల్లంటే టీచర్ను అడుగు" అని సెప్పి, మళ్ళీ లెక్కలు సేసుకుందంట.

ఆసుపత్రిలో ఒక సంగతి జరిగింది. నిన్నటి నుంచి తలుసుకుంటానే ఉండాను. మాకు ముందు ఒక తల్లి, చేతికర్ర పట్టుకున్న సిన్న పాప. ఆ తల్లి డాక్టరమ్మతో, "పాపకు కండ్లు బాగున్నాయి మేడమ్, కాళ్లకే జబ్బు, మమ్మల్ని ఊరికే ఈడికి పంపినారు" అంటాండాది. పోయేదానికి లేసింది కూడా. రూప మెల్లగా లేసి ఆ పాప పక్కకు పోయి కూసుంది. ఏదో అడిగింది. నాకు ఇనపడలేదు. ఆ పాప తల ఊపింది. తల్లి ఇద్దర్నీ సూసింది. సూసి, మళ్ళీ కూసుంది.

తర్వాత మా వంతు వచ్చింది. డాక్టరమ్మ నవ్వుతా, "ఏం రూపా, కంట్లో ఏమైనా నొప్పి ఉందా?" అని అడిగింది. ఆయమ్మ మూతికి గుడ్డ లేదు కాబట్టి నాకు తెలిసింది. రూప గడ్డం మిషను మీద ఆనించి, నాకు కూడా ఇనపడేంత గట్టిగా సెప్పింది.

"లేదు మేడమ్. నొప్పి లేకున్నా లోపల సూడల్ల."

మీ అక్క,
రూత్